రాని బట్టల అర

ఆ వీధిలో ఆయన్ని అందరూ గంజిబాబాయి అనేవాళ్ళు. లాండ్రీ నడుపుతాడని ఒక్కటే కాదు, మనిషే గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు ఉండేవాడు. వంగడు, నలగడు. అబద్ధం ఆడడు, ఎదుటివాడు ఆడితే ఊరుకోడు. పక్క కొట్టు దర్జీ ఒకసారి షాపులో వేలాడుతున్న ఎవరిదో కోటు సరదాగా తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. గంజిబాబాయి ఒక్క మాట అనకుండా దాన్ని విప్పించి, అతని కళ్ళముందే నీళ్ళలో ముంచి, మళ్ళీ ఉతికి, ఆరేసి, మళ్ళీ ఇస్త్రీ చేశాడు. నాలుగు తిట్టినా బాగుండేదని ఆ దర్జీ చాలాకాలం చెప్పుకున్నాడు.

"బట్ట మనది కాదు. దానికంటిన మురికి ఒక్కటే మనది." ఇది ఆయన తండ్రి నేర్పిన మాట. చదువు పెద్దగా అబ్బలేదు గానీ, ఈ మాట మాత్రం అబ్బింది.

ముందు షాపు, దాని వెనక నీళ్ళు మరిగే గది, ఆ వెనక కాపురం. నీళ్ళ గదిలో ఎప్పుడూ సబ్బు, సోడా, తడిసిన నూలు కలిసిన వాసన. గోడలు చెమట పట్టినట్టు ఉండేవి. ఆ గదిలో కిటికీకి ఎదురుగా ఒక చెక్క అర ఉంది. దాని పేరు రాని బట్టల అర. ఇచ్చినవాళ్ళు తిరిగి రాని బట్టలు అందులో ఉండేవి. ఊరు మారినవాళ్ళవి, మరచిపోయినవాళ్ళవి, పోయినవాళ్ళవి కూడా కొన్ని ఉండే ఉంటాయి. మిగతా లాండ్రీలవాళ్ళు అలాంటివి కొన్నాళ్ళు చూసి ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాళ్ళు. ఈయన మాత్రం ఎండలు ముదిరినప్పుడల్లా వాటిని దులిపి, ఆరేసి, మళ్ళీ మడిచి పెట్టేవాడు.

"ఇంకా ఎవరొస్తారండీ వీటికోసం?" అని భార్య నవ్వేది.

"రారని నీకెవరు చెప్పారు?" అనేవాడాయన.

అలాంటి ఇంట్లో భార్యకి ఆపరేషన్ అయింది. కడుపులో గడ్డ తీశారు. గడ్డ మంచిదే, భయం లేదన్నారు. కానీ కుట్లు విప్పిన మర్నాడు గట్టిగా దగ్గేసరికి కోత కింది భాగం విచ్చుకుంది. ఆవిడకి షుగర్. డాక్టరు మళ్ళీ కుట్టనన్నాడు.

"ఇది పైన అతుక్కుంటే లాభం లేదు. అడుగునుంచి కండ పెరుగుతూ రావాలి. రోజూ కడిగి, లోపల మెత్తటి గుడ్డ కూరి, పైన కట్టు కట్టాలి. తొందరపడకూడదు," అన్నాడు.

నర్సమ్మ రెండుసార్లు దగ్గరుండి నేర్పింది. ఆ తర్వాత వారానికోసారి వచ్చి చూసి పోయేది. మిగతా రోజులన్నీ గంజిబాబాయే. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, గోళ్ళు చిగుళ్ళ దాకా కత్తిరించుకుని, పుండు పక్కన కూర్చునేవాడు. అది బొటనవేలు పట్టేంత గుంట. అంచులు తెల్లగా నాని ఉండేవి. అడుగున ఎర్రగా, తడిగా, ఊపిరితోపాటు కదులుతూ ఉండేది. నిన్నటి గుడ్డ లాగుతుంటే కండతో సహా వచ్చేది. ఆవిడ దిండు కొస పళ్ళతో కరిచిపట్టుకునేది. కళ్ళవెంట నీళ్ళు చెవుల్లోకి కారేవి. అరిచేది కాదు. అరిస్తే ఆయన చెయ్యి వణుకుతుందని ఆవిడకి తెలుసు.

ఆవిడ చెల్లెలు అప్పుడప్పుడూ వచ్చి వండిపెట్టి వెళ్ళేది. నోరు ఊరుకోని మనిషి.

"ఏం బావగారూ, ఒక్కసారి నవ్వితే ఇస్త్రీ నలిగిపోతుందా? మా అక్కకి పుండుకంటే మీ మొహం చూస్తేనే ఎక్కువ బాధగా ఉంది."

"నవ్వడానికి టైముంది. ముందు మానాలి," అన్నాడాయన.

"మానుతుందిలెండి. మీరట్లా కాపలా కాస్తుంటే మానకేం చేస్తుంది పాపం, భయపడైనా మానుతుంది."

మానలేదు. వారాలు గడిచాయి. రసి కారడం ఆగలేదు. బజారు గుడ్డ అతుక్కుంటోందని, ఆయన ఇంట్లో ఉన్న పాత నూలు దుప్పట్లు చించి, మరిగే నీళ్ళలో ఉడికించి, వాటితో కట్టాడు. అవీ అతుక్కున్నాయి. ముసురు పట్టిన ఒక సాయంత్రం గుడ్డ లాగుతుంటే ఆవిడ మొదటిసారి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇవాళ్టికి వదిలెయ్యండి. దండం పెడతా."

ఆయన వదల్లేదు. పని పూర్తిచేసి, చేతులు కడుక్కుని, నీళ్ళ గదిలోకి వెళ్ళి గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. తల ఎత్తేసరికి ఎదురుగా రాని బట్టల అర.

అందులో అడుగున ఒక తెల్ల దుప్పటి ఉంది. బట్టతో బతికినవాడు కాబట్టి ఆయన చూపుకన్నా ముందు వేళ్ళకే అది గుర్తొచ్చింది. అంత మెత్తటి నూలు ఆయన జన్మలో మరొకటి ముట్టుకోలేదు. ఎన్ని వందలసార్లు ఉతికితే అలా అవుతుందో. అంచున ఎర్రదారంతో చిన్న గుర్తు. చాలా ఏళ్ళ కిందట, ఇలాగే ముసురు పట్టిన రోజుల్లో, ఒక ముసలమ్మ తెచ్చింది. బక్కపలచటి మనిషి. చేతులు రాత్రింబవళ్ళు నీళ్ళలో నానినట్టు తెల్లగా, ముడతలుపడి ఉన్నాయి.

"మా ఆయన పడుకునేది నాయనా. మంచంలో ఉన్నాడు. ఒళ్ళంతా పుండ్లు. నేనే వచ్చి తీసుకుంటా. ఇంకెవరికీ ఇవ్వకు," అంది.

మళ్ళీ రాలేదు.

గంజిబాబాయి ఆ దుప్పటి తీసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆమె పోయి ఉంటుంది. వాళ్ళాయనా పోయి ఉంటాడు. వస్తే కొత్తది కొనిస్తాను. భార్య ప్రాణం కన్నా బట్ట ఎక్కువా? ఇలా అనుకున్నాడు. తప్పు చేసేవాడికి కారణాలకి ఎప్పుడూ కొరత ఉండదు, అడక్కుండానే క్యూ కడతాయి.

అంచు పట్టుకుని చించాడు.

నూలు చిరిగితే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఆయన చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఈ దుప్పటికి ఆ చప్పుడు రాలేదు. ఎవరో నొప్పి ఓర్చుకుంటూ పళ్ళ సందులోంచి గాలి పీల్చినట్టు... సన్నగా. అంతే.

ఆయన ఆగి చుట్టూ చూశాడు. గుండిగలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. ఆవిరి చప్పుడనుకున్నాడు.

మర్నాడు ఆ పీలికలతో కట్టు కట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, దిండు కొస నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉంది. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఇంకా మొదలెట్టలేదా?" అంది.

"అయిపోయింది."

ఆవిడ నమ్మలేదు. తలెత్తి చూసుకుంది. తర్వాత మొహంలో ఏదో విడిపోయినట్టు నవ్వింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. అది చూసి గంజిబాబాయి మనసు మీద మచ్చ ఏదైనా ఉంటే అదీ చెరిగిపోయింది. మంచే జరిగింది కదా అనుకున్నాడు.

తెల్లారి కట్టు విప్పాడు. లోపలి పీలిక వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది. వెలుతురులోకి పట్టుకుని చూశాడు.

తెల్లగా ఉంది.

రక్తం లేదు. రసి లేదు. తడి కూడా లేదు. ఉతికి, ఆరేసి, అప్పుడే దండెం మీదనుంచి తీసినట్టు ఉంది.

మొదట సంతోషపడ్డాడు. తర్వాత నిలబడిపోయాడు. జీవితమంతా మరకలతో గడిపిన మనిషి ఆయన. మనిషి ఒంటికి తాకిన బట్ట ఏదీ మచ్చ లేకుండా రాదని ఆయనకి తెలుసు. ఆరోగ్యవంతుడి చొక్కా మెడ కూడా ఒక్క రోజులో రంగు తిరుగుతుంది. ఇది రాత్రంతా పచ్చిపుండులో ఉంది. గుంట వంక చూశాడు. నిన్న ఎంత లోతుందో అంతే ఉంది. మరి ఆ రసి ఎక్కడికి పోయినట్టు?

అయినా నొప్పి లేదు కదా. అదే పీలికల్ని ఉడకబెట్టి, ఆరేసి, మళ్ళీ అవే కట్టాడు.

అలా కొన్నాళ్ళు. ముసురు మాత్రం విడవలేదు. పగలు కూడా దీపం పెట్టుకోవాల్సినంత చీకటి. బట్టలు ఆరక ఇల్లంతా తాళ్ళు కట్టి వేలాడదీశాడు. ఆవిడ ఉన్న గదిలోకి వెళ్ళాలంటే తడి దుప్పట్లని చేత్తో తప్పించుకుంటూ వెళ్ళాల్సి వచ్చేది. ఆ గదిలో ఒక వాసన మొదలైంది. పుండు వాసన ఆయనకి తెలుసు. ఇది అది కాదు. ఏళ్ళ తరబడి ఎవరో ఒకేచోట పడుకుని ఉన్న పరుపు వాసన. ఎంత తుడిచినా పోయేది కాదు.

ఆవిడ మంచానికి అడ్డంగా పడుకునే మనిషి. ఆపరేషన్ తర్వాత కూడా మధ్యలోనే పడుకునేది. ఇప్పుడు రోజురోజుకీ గోడవైపు జరుగుతోంది.

"ఎందుకలా గోడకి అంటుకుపోతున్నావ్? పడిపోతావనా?" అన్నాడొకరోజు.

ఆవిడ తన పక్కనున్న ఖాళీ చోటు వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"చోటు చాలడం లేదండీ."

"ఎవరికి?"

"పెద్దాయనకి."

ఆయన చెయ్యి కట్టు మీదే ఆగిపోయింది.

"ఏ పెద్దాయన?"

"ఏమో. చల్లగా ఉంటాడు. ఏమీ చెయ్యడు పాపం. మూలుగుతుంటాడు. మీరు నా కట్టు మార్చి వెళ్ళిపోతే... నాకెవరు మారుస్తారని అడుగుతున్నాడు."

జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేశాడు. జ్వరం లేదు. చల్లగా ఉంది.

మరదలికి ఈ మాట చెప్తే తేలిగ్గా నవ్వేసింది. "అన్ని మందులు మింగితే పెద్దాయనే కాదు బావగారూ, పెద్దాయన అత్తగారు కూడా కనిపిస్తుంది. మీరు కాస్త నిద్రపోండి. కళ్ళు చూడండి, నానేసిన శనగల్లా ఉన్నాయి." నవ్వుతూనే అక్క గదిలోకి వెళ్ళింది. వెంటనే బయటికి వచ్చేసింది. ఆ రోజు వంట చెయ్యకుండానే వెళ్ళిపోయింది. అలా నోరు మూసుకుని ఆ పిల్ల ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి.

నర్సమ్మ వచ్చినప్పుడు పుండు చాలాసేపు చూసింది. వేలితో అంచు నొక్కింది. మళ్ళీ చూసింది.

"మానడమూ లేదు, చెడడమూ లేదు," అంది చివరికి. "బతికున్న ఒంట్లో పుండు ఏదో ఒకవైపు కదలాలండీ. ఇది ఆగిపోయింది. ఏం వాడుతున్నారు దీనికి?"

ఆయన బజారు గుడ్డ చూపించాడు. నోటితో ఏమీ అనలేదు కాబట్టి అది అబద్ధం కాదనుకున్నాడు.

ఆవిడని పక్కకి తిప్పి వీపు చూసిన నర్సమ్మ భృకుటి ముడిపడింది. నడుం కింద, భుజాల దగ్గర, మడమల మీద చర్మం కమిలిపోయి నల్లబడి ఉంది. "ఇవెప్పుడొచ్చాయి? ఏళ్ళ తరబడి మంచం పట్టినవాళ్ళకి వస్తాయివి. మీ ఆవిడ పట్టుమని రెండు నెలలు కూడా పడుకోలేదే!"

ఆ రోజు నర్సమ్మ వెళ్ళగానే గంజిబాబాయి ఆ పీలికలన్నీ ఏరి, చుట్టచుట్టి పక్కన పడేశాడు. బజారు గుడ్డతో కట్టు మొదలుపెట్టాడు. గుడ్డ పుండుకి తగిలీ తగలకముందే ఆవిడ కెవ్వున అరిచింది. ఆపరేషన్ అయినప్పటినుంచీ అలా అరవలేదు. ఆ అరుపు ఆగాక ఇంకో మూలుగు వినిపించింది.

మంచం మీదనుంచే.

ఆవిడ నోరు మూసుకునే ఉంది.

ఆయన గబగబా మళ్ళీ ఆ పీలికలే తీసి కట్టాడు. రెండు మూలుగులూ ఒక్కసారే ఆగిపోయాయి.

ఆ మర్నాడు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. వాన సన్నగా, ఆగకుండా పడుతోంది. వీధిలో నరమానవుడు లేడు. గంజిబాబాయి బల్ల మీద లాంతరు వెలిగించి, షాపు మూసేద్దామని తలుపు రెక్కమీద చెయ్యి వేశాడు. గుమ్మంలో ఒక ముసలమ్మ నిలబడి ఉంది.

ఎప్పుడొచ్చిందో తెలియలేదు. గొడుగు లేదు. తల మీద వాన పడుతోంది గానీ జుట్టు తడిసినట్టు లేదు. ద్వారబంధం పట్టుకున్న చేతులు మాత్రం తడిగా, తెల్లగా, ముడతలుపడి...

ఆ చేతుల్ని ఆయన గుర్తుపట్టాడు.

"ఆలస్యమైంది నాయనా," అంది. "దారి దొరకలేదు. దుప్పటి ఇస్తావా? ఎర్రదారం గుర్తు ఉంటుంది."

గంజిబాబాయి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అది లేకపోతే ఆయనకి నిద్ర పట్టదు," అంది ముసలమ్మ. "ఎక్కడుందో అక్కడికే పోయి పడుకుంటాడు. వెతుక్కుంటూ తిరగలేక నా కాళ్ళు పడిపోతున్నాయి. నేను తప్ప ఎవరున్నారు ఆయనకి? కట్టుకున్నాక తప్పుతుందా, చెప్పు? ఇచ్చెయ్. తీసుకుపోతా."

అప్పుడు నిజం చెప్పి ఉంటే సరిపోయేది. చించాను తల్లీ, తప్పయింది, ఇవిగో పీలికలు, అని ఆ చేతుల్లో పెట్టి ఉంటే ఏ పీడా ఉండేది కాదేమో. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పీలికలు ఆ క్షణంలో ఎక్కడున్నాయో గుర్తొచ్చింది. అవి తీస్తే నిన్నటి అరుపు మళ్ళీ వినాలి. పైగా, ముప్పై ఏళ్ళుగా ఈ బల్ల వెనక నిలబడి లోకానికి నీతులు చెప్పిన మనిషి. పరాయి బట్ట చించానని ఏ నోటితో చెప్పడం?

"అలాంటి దుప్పటి..." అన్నాడు. "అలాంటిది నా దగ్గర లేదమ్మా."

ముసలమ్మ ఆయన మొహం వంక చూసింది. కోపం లేదు. లాంతరు ఒత్తి చిటపటలాడింది.

"లేదా?"

"లేదు."

"సరిగ్గా చూసే చెప్తున్నావా నాయనా? మూడోసారి అడగను."

"లేదన్నాగా."

ఆమె వీపు నిటారైంది. తల మీదనుంచి ఎవరో గంపెడు తడి బట్టలు దించినట్టు, భుజాలు తేలికగా పైకి లేచాయి. ముడతలుపడ్డ ఆ మొహం మీద నవ్వు వచ్చింది. అలాంటి నవ్వు ఆయన అంతకుముందు ఏ మనిషి మొహంలోనూ చూడలేదు.

"లేదంటే లేదు," అంది. "అయితే మా ఆయన్ని మీ ఇంట్లోనే ఉంచుకో. చాలాకాలం చేశాను. ఇక నువ్వు చెయ్యి."

వెనుదిరిగి వానలోకి నడిచింది.

"ఏమండీ..." లోపలినుంచి భార్య గొంతు. ఈ మధ్య విననంత స్పష్టంగా ఉంది. "ఏమండీ, ఒకసారి రండి!"

ఆయన లాంతరు పట్టుకుని పరుగెత్తాడు. వేలాడుతున్న దుప్పట్లు మొహానికి చల్లగా తగిలాయి. గదిలో ఆవిడ గోడకి ఆనుకుని లేచి కూర్చుంది. ఎన్నాళ్ళకో మొహంలో రంగుంది.

"నొప్పి లేదు. అసలు లేదు. విప్పి చూడండి."

లాంతరు కింద పెట్టి కట్టు విప్పసాగాడు. నడుం చుట్టూ నాలుగు చుట్లు తిప్పిన పీలిక. ఒక చుట్టు. రెండు. మూడు. నాలుగు...

ఐదు.

పీలిక అయిపోలేదు. లాగుతున్నకొద్దీ వస్తోంది. వెడల్పవుతోంది. ఒళ్ళో కుప్ప పడుతోంది. చేతులు ఆపుదామనుకున్నాడు. ఆగలేదు. ఇంకా... ఇంకా... అది మోకాళ్ళు కప్పి, నేల మీదికి జారింది. చివరి కొస ఆవిడ ఒంటినుంచి జారిపోయేసరికి ఆయన చేతుల్లో ఒక తెల్ల దుప్పటి ఉంది. ఎక్కడా చిరుగు లేదు. కుట్టు లేదు. అంచున ఎర్రదారం గుర్తు.

ఆవిడ కడుపు మీద పుండు లేదు. పక్కు లేదు. సన్నటి తెల్లటి గీత, ఎప్పుడో చిన్నతనంలో తగిలిన దెబ్బలా.

గంజిబాబాయి దుప్పటి గుండెలకి హత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు. వాన కళ్ళలో కొడుతోంది. వీధి చివర, ముసలమ్మ నడుస్తోంది. వచ్చినప్పటి నడక కాదు. పడుచుపిల్ల నడక.

"అమ్మా! ఆగమ్మా! ఉంది! దుప్పటి ఉంది! దొరికింది! తీసుకుపో తల్లీ!"

ఆమె ఆగలేదు. తల మాత్రం కొంచెం తిప్పింది.

"లేదన్నావుగా నాయనా," అంది.

మలుపు తిరిగింది. ఆయన మలుపు దాకా పరుగెత్తి చూశాడు. ఖాళీ వీధి. రాళ్ళ మీద వాన. నీళ్ళు నిండిన గుంటలో ఆయన నీడ ఒక్కటే.

తిరిగి వచ్చేసరికి భార్య మంచం దిగి, గది గుమ్మం దాకా తనంతట తానే నడిచి వచ్చి నిలబడి ఉంది. ఆయన ఆవిడని చూశాడు. ఆవిడ భుజం మీదుగా లోపలి మంచం చూశాడు. దాని మీద ఎవరూ లేరు. కానీ పరుపు మధ్యలో, మనిషి పొడుగునా, లోతుగా గుంట పడి ఉంది. ఆయన చూస్తుండగా ఆ గుంట నెమ్మదిగా ఇటు తిరిగింది.

డాక్టరు ఆశ్చర్యపోయాడు. నర్సమ్మ తన చేతులతో తడిమి చూసి, "నేను ఇలాంటిది చూళ్ళేదు. అంతా మీ సేవ," అంది గంజిబాబాయితో. ఆయన తల దించుకున్నాడు. ఆవిడ వీపు మీద నల్లమచ్చలు కూడా పోయాయి. ఆవిడకి పెద్దాయన సంగతి ఏదీ గుర్తులేదు. మందుల మత్తులో ఏదేదో వాగి ఉంటానని నవ్వేసింది. మళ్ళీ బల్ల దగ్గర నిలబడి బట్టలు తీసుకోవడం మొదలుపెట్టింది. మరదలు మళ్ళీ రావడం మొదలుపెట్టింది గానీ, షాపు దాటి లోపలికి మాత్రం అడుగుపెట్టేది కాదు.

"అక్క లేచింది, బావగారు పడ్డారు," అనేది. "ఏమైంది బావగారూ? గంజి వదిలిపోయి, పిండేసిన బట్టలా అయిపోయారు."

ఆయన ఇస్త్రీ పెట్టె అందుకునేవాడు. భార్యాభర్తలు ఇప్పుడు నీళ్ళ గదిలో పడుకుంటున్నారు. లోపలి గదికి ఆయన తాళం పెట్టాడు. చెమ్మ పట్టింది, బాగుచేయించాలి అని చెప్పాడు. ఒకసారి నోరు అలవాటు పడ్డాక అబద్ధాలు వాటంతట అవే వస్తాయి.

రోజూ సాయంత్రం ఆవిడ బట్టలు అందించడానికి వీధిలోకి వెళ్ళినప్పుడు, ఆయన గోరువెచ్చటి నీళ్ళు, ఉడకబెట్టిన గుడ్డలు తీసుకుని ఆ గది తాళం తీసేవాడు. లోపల ఏమీ కనిపించదు. కానీ చెయ్యి పెడితే తగులుతుంది. చల్లగా, మెత్తగా, తడిగా. కడుగుతాడు. కడుతుంటాడు. ఒకచోట అయితే ఇంకోచోట పుండు ఉంటుంది. ఇప్పుడు గుడ్డలు తెల్లగా రావడం లేదు. వాటిని ఉతికి, పిండి, మళ్ళీ ఉతికేసరికి ఆయన చేతులు తెల్లగా నాని, ముడతలు పడిపోయాయి.

"కాస్త ఓర్చుకోండి పెద్దాయనా. అయిపోయింది. ఇంకొక్కటే," అనేవాడు. ఆ ఇంకొక్కటి ఎప్పటికీ అయ్యేది కాదు.

అది ఆ గదిలో పడి ఉన్నంతకాలం ఏదో ఒకరోజు మళ్ళీ భార్య పక్కకి చేరుతుందేమోనన్న భయం ఆయన్ని తినేసేది. ఆవిడ ఒక్కోసారి నిద్రలో నడుం తడుముకుంటే చాలు, ఆయనకి తెల్లారేదాకా కన్ను మూతపడేది కాదు.

చివరికి ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత సిగ్గుపడటం మానేశాడు. తెల్ల దుప్పటిని శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, బయటినుంచి కనిపించేలా షాపు బల్ల మీద పెట్టాడు. తను తీసుకుని, అడిగితే లేదన్నందుకే కదా ఇది తన మెడకి చుట్టుకుంది. ఇంకొకరు ఎవరైనా తీసుకుంటే... అడిగితే లేదంటే...

ముప్పై ఏళ్ళు, ఎవరి రుమాలు పోయినా తన ప్రాణం పోయినట్టు కాపలా కాసిన మనిషి, ఆ రాత్రి షాపు తలుపుకి గడియ వెయ్యలేదు. ఏ దొంగైనా రాకపోతాడా అని చీకట్లో చెవులు రిక్కించి పడుకున్నాడు. ఎవరింటికి పోతుందో, ఎవరి పక్కన పడుకుంటుందో ఆలోచించలేదు. ఆలోచన వస్తే పక్కకి తిరిగి పడుకున్నాడు.

ఎప్పుడో తలుపు కిర్రుమంది. అడుగులు. అడుగులు బల్ల దగ్గర ఆగాయి. గుడ్డ రాపిడి. మళ్ళీ అడుగులు. తలుపు చేరవేసిన చప్పుడు.

తెలతెలవారుతుండగా లేచి, భార్య లేవకుండా షాపులోకి వెళ్ళాడు.

తెల్ల దుప్పటి బల్ల మీదే ఉంది. ఎవరూ తీసుకోలేదు.

దాని పక్కన ఇంకొకటి ఉంది. ఎవరో తెచ్చిపెట్టారు. చిన్న దుప్పటి, పసిపిల్లలకి కప్పేంతది. చక్కగా మడిచి ఉంది. ఆయన వెనక్కి వెళ్ళిపోదామనుకుంటూనే చెయ్యి చాపి ముట్టుకున్నాడు.

ఇంకా వెచ్చగా ఉంది. దుప్పటి ఎక్కడుందో అక్కడికే పోయి పడుకుంటాడన్న ముసలమ్మ మాట గుర్తొచ్చింది.

అప్పుడు లోపలి గదిలో, తాళం వేసిన తలుపు వెనక, రాత్రింబవళ్ళు ఆగని ఆ మూలుగు ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి మెల్లగా ఒక చప్పుడు మొదలైంది. మెత్తగా, ఒకే వరసలో... చేత్తో పసిబిడ్డని జోకొడుతున్నట్టు.